పెద్ద ఫిడేలు కలిసిందాండీ?

మా చర్చిలో శ్రుతిని చెవులతో తేల్చేవారు కాదు, మర్యాదతో తేల్చేవారు.

ప్రతి ఆదివారం ఆరాధనకి ముందు అరగంట సేపు తీగలు బిగించే తతంగం ఒకటి నడిచేది. రెండు ఫిడేళ్లు, ఒక మాండొలిన్, ఒక హార్మోనియం, అన్నిటికీ వెనక నాకంటే జానెడు పొడుగున్న డబుల్ బేస్. ఊళ్లో ఎవరూ దాన్ని ఆ పేరుతో పిలిచిన పాపాన పోలేదు. పెద్ద ఫిడేలు అనేవారు. క్వయర్ నడిపేది మా పెదనాన్న. ఆయన ఎలిమెంటరీ స్కూల్లో మాస్టారు. హార్మోనియం మీద ఒక మెట్టు నొక్కి పెట్టి, ఒక్కొక్కరి చేత తీగ మీటించి, ముందు వరస బల్లల వైపు తిరిగి "కలిసిందాండీ?" అని అడిగేవాడు. ముందు వరస అంతా ఒక్క గొంతుతో "ఆయ్, కలిసిందండి" అనేది. ఇంక దానికి తిరుగు లేదు, కలిసినట్టే.

ఆ తీర్పు చెప్పే పెద్దల గురించి కూడా చెప్పాలి. ఒకాయన నలభై ఏళ్లు రైస్ మిల్లులో పనిచేసి, రెండు చెవులూ అక్కడే వదిలేసి రిటైరైన మనిషి. ఆయన పక్కన ముందు వరస మామ్మగారు. ఈవిడ నేనింకా పెద్ద ఫిడేలు తీగ బిగించే బిరడా మీద చెయ్యి వెయ్యకముందే "కలిసిందండి" అనేసి పాటల పుస్తకం తెరిచేవారు. మిగిలినవాళ్లు ఈ ఇద్దరి నోళ్లూ చూసి అనేవారు. అసలు మా గోదావరి వాళ్లకి, ఎదుటి మనిషి నిలబడి "అండీ" అని అడిగాక "లేదండి" అనడం చేతకాదు. ఉప్పు వెయ్యడం మర్చిపోయిన పులుసు జుర్రుకుంటూ కూడా "దివ్యంగా ఉందండి" అంటారు. తరవాత వీధి మలుపు తిరిగాక చెప్పుకుంటారు, అది వేరే సంగతి.

తొంభైల చివర్లో నేను రాజమండ్రిలో డిగ్రీ వెలగబెడుతున్నాను. పెద్ద ఫిడేలు నా పాలబడటానికి కారణం నా ఎత్తు. సంగీతం వచ్చా అని ఎవరూ అడగలేదు. అంతకుముందు వాయించినాయన నడుం నొప్పని మానేస్తే, పెదనాన్న చర్చి అంతా ఒకసారి కలయజూసి, అందరికంటే పైకి తేలిన తలకాయని పిలిచాడు. అంతే. వెదురు గడ ఎవరి చేతికిస్తే బూజు దులుపుతారో చూసుకున్నట్టు చూసుకున్నాడు.

ఆ వాయిద్యం చరిత్ర మాకు కంఠతా వచ్చు. పెదనాన్న కుర్రతనంలో ఇక్కడ ఉండిన దొరసాని ఒకావిడ దాన్ని తన దేశం నించి తెప్పించుకుంది. లాంచీలో పెట్టె దిగగానే, ఎవరో దొర పోయాడనుకుని రేవులో జనం సమాధి పాట ఎత్తుకున్నారని పెదనాన్న చెప్పేవాడు. నేనిది నమ్మను. మా వాళ్లు పోయినవాడు ఎవరో, ఎవరి తాలూకో, భోజనాలు ఎక్కడో కనుక్కోకుండా పాట ఎత్తుకునే రకం కాదు. ఆ దొరసాని పెదనాన్నకి క్వయర్ నడపడం నేర్పింది. తిరిగి వెళ్లిపోయేటప్పుడు "ఇది నీ పూచీ" అని ఆయన చేతుల్లో పెట్టింది. ఈ మాట దగ్గర ఆయన గొంతు ప్రతిసారీ ఒకే చోట వణికేది. ఆ వణుకు మాత్రం భలే శ్రుతిలో ఉండేది.

పూచీ ఎలా నిలబెట్టుకున్నామంటే, నా చేతికొచ్చేసరికి నాలుగు తీగల్లో రెండే అసలువి. ఒకటి ఆటో క్లచ్ వైరు. ఇంకొకటి చేపల చెరువు వలకి కట్టే నైలాను తాడు. శ్రుతి చేసే పద్ధతి దొరసానితోనే ఓడెక్కి పోయింది. దాంతో గుడి వీధి ఫిడేలు మాస్టారిని పిలిచారట. కచేరీలు చేసే మనిషి, పెదనాన్నకి స్నేహితుడు. ఆయన వచ్చి, పెద్ద ఫిడేలు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "ఏముందండీ, ఫిడేలే కదా, కాస్త తిండి ఎక్కువైంది" అని, తన ఫిడేలుకి కట్టినట్టే సా, పా, సా, పా కట్టేసి కాఫీ తాగి వెళ్లిపోయాడు. అప్పట్నించి అది అలాగే ఉంది. నాలుగు తీగలకి రెండే స్వరాలు. నేను ఏ తీగ మీటినా సగం సార్లు సరిపోయేది. మిగతా సగం భక్తిలో కొట్టుకుపోయేది.

నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించింది పెదనాన్న ఎడం చెయ్యి. కుడి చేత్తో క్వయర్ నడుపుతూ, ఎడం అరచేతిని పెద్ద ఫిడేలు భుజం మీద ఆనించి నిలబడేవాడు. స్టూడియోలో స్తంభం మీద చెయ్యేసి ఫోటో దిగుతున్న కొత్త పెళ్లికొడుకులాగ. ఓసారి ఉండబట్టలేక అన్నాను.

"చెయ్యి తీస్తే ఇంకాస్త మోగుతుంది పెదనాన్నా."

"నువ్వు వాయించరా, చాలు."

అలా ఎవరి భ్రమలో వాళ్లు హాయిగా ఉండగా ఉత్తరం వచ్చింది. పట్టణంలో పెద్ద చర్చి కమిటీ నించి. అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, ఆరాధన అయ్యాక చదివి వినిపించారు. అమూల్యమైన ఆ వాయిద్యము గ్రామములో నిరుపయోగముగా నున్నట్లు తమ దృష్టికి వచ్చినది. వచ్చే నెల మొదటి ఆదివారము తమ సంగీత నిర్వాహకుడు పరిశీలనకు వచ్చును. మీ సంఘములో దానిని సరిగా శ్రుతి చేసి వాయించగలవారున్న యెడల అచటనే ఉంచవచ్చును. లేని యెడల పట్టణమునకు పంపవలెను.

ఇంక చూడాలి. మిల్లాయన ఉపవాస ప్రార్థన అన్నాడు. మాండొలిన్ వాయించేవాడు, దాన్ని ఎత్తుకుపోయే లారీకి అడ్డంగా పడుకుంటానన్నాడు.

"లారీ ఎందుకు పంపుతారండీ, రిక్షా పంపుతారు. దానికి అడ్డం పడుకుంటే నడుం పట్టుకుంటుంది తప్ప ప్రాణం పోదు" అన్నాను.

నలుగురు నవ్వారు. పెదనాన్న నవ్వలేదు. "అది పోతే నేను క్వయర్ నడపలేనండి" అని, హార్మోనియం మూత వేసి వెళ్లిపోయాడు. ఆయన అన్నది "నడపను" కాదు, "నడపలేను". నేనది పట్టించుకోలేదు. క్రిస్మస్ కరోల్స్‌కి ఎవరు ముందు నిలబడాలన్న గొడవలో ఏటా ఒకసారి మానేస్తాననే మనిషే కదా అనుకున్నాను.

సోమవారం కాలేజీ ఎగ్గొట్టి సంగీత వాయిద్యాల షాపుకి వెళ్లాను. అభిమానంతో అనుకోకండి. పట్టణం వాళ్లు వచ్చి నవ్వితే నవ్వేది నన్ను చూసి. షాపాయన తబలాకి తోలు బిగిస్తున్నాడు.

"డబుల్ బేస్ తీగలున్నాయాండీ?"

"ఎవరికి?"

"మా చర్చికి."

"ఇప్పుడేం కట్టారు?"

"రెండు అసలువి. ఒకటి క్లచ్ వైరు."

"ఏ బండిది?"

"ఆటోదండి."

"మంచిదే. తెగదు" అని తబలా పక్కన పెట్టి లేచాడు. మా ఊళ్లో ఒక్కడికీ లేని జ్ఞానం ఆయనకి ఉంది. లావు తీగ నించి ఇ, ఎ, డి, జి అని నాలుగు వేర్వేరు స్వరాలుండాలని చెప్పి, కీబోర్డు మీద వాయించి వినిపించాడు. నా బస్ పాస్ వెనక రాసుకున్నాను. సా పా సా పా అని మేం కట్టిన సంగతి చెబితే, కాసేపు నా మొహం చూసి, "దాని మీద పాటలే వాయించారా?" అన్నాడు. తీగలు మద్రాసు నించి తెప్పిస్తానన్నాడు. నేను బయల్దేరబోతుంటే ఇంకో కిటుకు చెప్పాడు. టెలిఫోను రిసీవరెత్తి నా చెవికి పెట్టాడు.

"గుయ్ మంటోంది కదా. ఇది జి కి దగ్గర్లో ఉంటుందండి. రాజమండ్రిలో ఎత్తినా, మీ ఊళ్లో ఎత్తినా అదే గుయ్. కీబోర్డు లేనిచోట నేను దీంతోనే సరిచూసుకుంటాను."

ఆ సాయంత్రం మా చర్చి ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్‌లో దూరి రిసీవరెత్తాను. బూతాయన "నంబరెంత?" అన్నాడు. "లేదండి, ఊరికే వింటున్నాను" అన్నాను. ఆ గుయ్‌ని నోట్లో పట్టుకుని, మూసిన పెదాలతో మూలుగుతూ రోడ్డు దాటి చర్చిలోకి వెళ్లి, హార్మోనియం మీద ఒక్కొక్క మెట్టే నొక్కాను. జి కలవలేదు. దారిలో జారిపోయిందేమోనని మళ్లీ వెళ్లి పట్టుకొచ్చాను. మూడోసారి రోడ్డు దాటుతుంటే సైకిలాయన ఒకడు ఆగి "పన్ను నొప్పాండీ?" అన్నాడు. జవాబు చెబితే స్వరం పోతుందని తలూపాను.

మూడుసార్లూ గుయ్ కలిసింది జి కి కాదు, దాని పైనున్న ఎ మెట్టుకి. అంటే మా హార్మోనియం ఒక స్వరం మొత్తం కిందికి దిగి కూర్చుంది. కారణం వెతుక్కోనక్కర్లేదు. నేను పుట్టకముందు అది పడవ దాటిస్తుండగా కాలవలో పడింది. ఎండబెట్టి మళ్లీ వాయించారు. నీళ్లలో పడ్డాక దాని గొంతు గంభీరంగా తయారైందని పెద్దలు మురిసిపోయేవారు. గంభీరం కాదు, తుప్పు. ఫిడేళ్లు, మాండొలిన్, పెద్ద ఫిడేలు, మూడు వందల మంది గొంతులు ఆ తుప్పు పెట్టెకి శ్రుతి కలుపుకుని పాతికేళ్లు పాడాయి.

ఇంత పెద్ద బుడగ చేతికి దొరికాక, సూది గుచ్చకుండా ఉండటం నా వల్ల కాదు. మర్నాడు బడి వదిలాక వెళ్లాను. పెదనాన్న వరండాలో కూర్చుని పిల్లల డిక్టేషన్ నోట్సులు దిద్దుతున్నాడు.

"పెదనాన్నా, మన హార్మోనియం దిగిపోయుంది."

తలెత్తలేదు. ఎదురుగా వెళ్లి నిలబడి గట్టిగా అన్నాను. అప్పుడు చూశాడు.

"ఎంత దిగింది?"

"ఒక స్వరం మొత్తం."

"ఎన్నాళ్లనించి?"

"కాలవలో పడ్డప్పట్నించీ అయ్యుండాలి."

ఎర్రసిరా పెన్నుకి మూత పెట్టాడు. "మరి ప్రతి ఆదివారం అడుగుతున్నాను కదరా. ఒక్కడైనా చెప్పలేదేం?"

"మర్యాదకి అడుగుతున్నారనుకున్నాం."

"మర్యాదకి ఎందుకడుగుతాన్రా? వినపడక అడుగుతున్నాను."

ఆయన మామూలుగానే అన్నాడు. సున్నా మార్కులొచ్చిన పిల్లాడి పేరు చదివినట్టు. ఎప్పుడో టైఫాయిడ్ తగ్గాక చెవులు మందగించడం మొదలైందట. మనుషుల మాటలు మూతి చూసి పట్టేస్తాడు. హార్మోనియం గోడ అవతల ఎవరో ఏడుస్తున్నట్టు ఉంటుంది. ఫిడేళ్లు అసలు లేవు, కమాన్లు మాత్రం కదులుతుంటాయి.

"పెద్ద ఫిడేలు చేతికి తెలుస్తుందిరా. మీరు పాడేది కూడా దాని చెక్కలోకి వస్తుంది. చెయ్యి ఆనిస్తే ఎక్కడున్నారో తెలుస్తుంది. అది లేకపోతే నేను గాల్లో చేతులాడించుకోవాల్సిందే. అందుకే నడపలేనన్నాను."

పెళ్లికొడుకు ఫోజు గుర్తొచ్చింది. అయినా సిగ్గు లేకుండా నా సంగతే అడిగాను.

"అయితే నేను తప్పు వాయిస్తున్నట్టు తెలిసేదా?"

"ప్రతి వారం."

"మరి చెప్పలేదే?"

"నీకైనా మర్యాదేరా" అని మళ్లీ పెన్ను మూత తీశాడు.

తీగలు ఆలస్యంగా, పరిశీలనకి ముందురోజు వచ్చాయి. శనివారం సాయంత్రం కట్టి, గుయ్ సాక్షిగా ఇ, ఎ, డి, జి బిగించాను. కొత్త తీగలు సాగుతాయని షాపాయన చెప్పలేదు, నేను అడగలేదు. ఆదివారం పొద్దున్నకి అవి ఎక్కడికక్కడ జారి పడున్నాయి.

పట్టణం సంగీత నిర్వాహకుడు స్కూటరు మీద వచ్చాడు. ఎండాకాలంలో కోటు. వెనక సీటుకి కట్టిన కీబోర్డు, కాళ్ల దగ్గర స్పీకరు పెట్టె. మా హార్మోనియాన్ని చూసి, ఎవరింట్లోనో మంచాన పడ్డ మనిషిని పలకరించినట్టు "బాగుందండి" అని, దాన్ని పక్కకి జరిపించాడు. కీబోర్డూ స్పీకరూ పెద్ద ఫిడేలు నిలబెట్టే చెక్క వేదిక మీదే పెట్టుకున్నాడు. ఎ మెట్టు నొక్కాడు. నేను తీగ మీటాను. రెండూ కలిసి, లారీ కింద పడ్డ రేకుడబ్బాలాగ వినపడ్డాయి. పెదనాన్న ఎడం చెయ్యి పెద్ద ఫిడేలు భుజం మీద ఉంది. ముందు వరస వైపు తిరిగాడు.

"కలిసిందాండీ?"

"ఆయ్, కలిసిందండి."

మామ్మగారైతే ఈసారి పట్టణం మనిషి వచ్చాడని "బాగా కలిసిందండి" అని ఒక మాట ఎక్కువేశారు. పెదనాన్న కోటాయన వైపు చూశాడు. నేనూ చూశాను. పట్టణమైతే మాత్రం, ఆయనా ఈ కాలవ నీళ్లు తాగినవాడే. నోరు తెరిచి, మూసి, "పర్లేదండి" అన్నాడు. ఆ పర్లేదండితోనే వెళ్లి రిపోర్టులో ఏం రాస్తాడో నాకు తెలుసు. పెదనాన్న చివరికి నా వైపు తిరిగాడు.

"కలవలేదండి" అన్నాను.

"ఏంటి బాబూ, దేవుడి మందిరంలో ఆ మాటలేంటి?" అన్నారు మామ్మగారు. మిల్లాయన పక్కవాణ్ని, కుర్రాడేమన్నాడని అడిగి తెలుసుకుని, ఆలస్యంగా తల అడ్డంగా ఊపాడు.

"వాడు చెప్పింది నిజవండి. కలవలేదు" అన్నాడు పెదనాన్న. కోటాయనతో "ఆ మెట్టు అలాగే నొక్కి ఉంచండి" అని, నా వైపు చూడకుండా చెప్పడం మొదలుపెట్టాడు. "కొట్టుకుంటోంది. పైకి లాగు. ఇంకా. ఇప్పుడు నెమ్మదించింది. ఇంకొంచెం. ఎక్కువైంది, మళ్లీ కొట్టుకుంటోంది, దించు. అదీ. ఆగు."

రెండు స్వరాలు దగ్గరపడుతుంటే వాటి మధ్య ఒక వణుకు ఉంటుంది. అది నెమ్మదై, నెమ్మదై, కలిసినచోట ఆగిపోతుంది. మాకది చెవిలో అయినా పడి ఉండాల్సింది. స్పీకరు కూడా ఆ వేదిక మీదే ఉండటంతో ఆయనకది చెక్కలోంచి అరచేతిలోకి వస్తోంది. నాలుగు తీగలూ అలాగే బిగించాం. ప్రతి తీగకీ కోటాయన వంగి విని, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. చలించిపోయాడని మాండొలిన్ వాడు ఇప్పటికీ చెప్పుకుంటాడు. చెమటండి. ఎండాకాలంలో కోటేసుకుంటే ఎవరికైనా కళ్లజోడు తడుస్తుంది.

తరవాత పాట. బస్ పాస్ వెనక రాసుకున్నది చూసుకుంటూ, నేను వాయించాల్సిన నాలుగు ముక్కలూ చూపుడు వేలితో మీటాను. కష్టం పాడేవాళ్లకి వచ్చింది. పుట్టి బుద్ధెరిగినప్పట్నించి పాడిన ఎత్తు కంటే కీబోర్డు ఒక మెట్టు పైన ఉంది. పల్లవి ఎలాగో ఎక్కారు. మొదటి చరణంలో మెడ నరాలు లేచాయి. రెండో చరణంలో మగవాళ్లు పుస్తకంలో ఏదో వెతుక్కోసాగారు. మూడో చరణానికి మామ్మగారు ఒక్కరే ధైర్యం చేసి పాత శ్రుతిలోకి దిగిపోయారు. ఆవిడ వెనకాల చర్చి మొత్తం దిగింది, మెట్ల మీంచి బియ్యం బస్తా దొర్లినట్టు. పైన కీబోర్డూ పెద్ద ఫిడేలూ, కింద మూడు వందల మంది. కాసేపటికి కోటాయన చేతులు ఎత్తేశాడు. పెదనాన్న మాత్రం చెయ్యి తియ్యకుండా చివరిదాకా నడిపాడు.

భోజనం పెదనాన్న ఇంట్లో. కోడి పులుసు, ఆత్రేయపురం పూతరేకులు. కోటాయన రెండో పూతరేకు విప్పుతూ అడిగాడు.

"మాస్టారూ, చెవి దగ్గర పెట్టకుండా అంత కచ్చితంగా ఎలా పట్టారండీ?"

"అలవాటండి" అన్నాడు పెదనాన్న, ఆయన మూతి వైపు చూస్తూ.

నేను తల దించుకుని పులుసు కలుపుకున్నాను.

వారం తిరక్కుండా రిపోర్టు నకలు వచ్చింది. శ్రుతి చేయగలవారున్నారు. వాయించువారు ఫరవాలేదు. పాడువారిని గూర్చి అడగలేదు గనుక వ్రాయలేదు. వాయిద్యము అచటనే ఉండవచ్చును.

విజయం వచ్చిన వెంటనే మా వాళ్లు చేసిన మొదటి పని, పెద్దలంతా అయ్యగారి దగ్గరికి వెళ్లి, కొత్త శ్రుతి గొంతులకి పడటం లేదండి, పాతదే హాయిగా ఉందండి అని మొర పెట్టుకోవడం. సరిగా ఉన్నదాన్ని నిలబెట్టుకోవడానికి నెల రోజులు కంగారు పడ్డాం. దాన్ని మళ్లీ చెడగొట్టుకోవడానికి ఒక్క కాఫీ సరిపోయింది. హార్మోనియం వెనక్కి వచ్చింది, కాకపోతే ఈసారి పెదనాన్న దాన్ని పెద్ద ఫిడేలు చెక్క వేదిక మీదికే ఎక్కించాడు.

ఆ ఆదివారం నేను నాలుగు తీగలూ ఆ తుప్పు పెట్టెకి దించాను. స్వరాలు నాలుగూ వేరే ఉన్నాయి, అదొక్కటే లాభం. పెదనాన్న చెయ్యి ఆనించి ముందు వరస వైపు తిరిగాడు.

"కలిసిందాండీ?"

"ఆయ్, కలిసిందండి."

మామ్మగారు పుస్తకం తెరిచేశారు. నేను బిరడా మీంచి చెయ్యి తీసేశాను.

"లేదండి" అన్నాడు పెదనాన్న. "ఇంకా కొట్టుకుంటోంది. ఇంకొంచెం దించరా."

మామ్మగారు పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకున్నారు. నేను దించాను. మళ్లీ మీటాను. ఎవరూ కలిసిందనలేదు, ఆయనా అడగలేదు. అందరం ఆ అరచేతి వైపు చూస్తూ కూర్చున్నాం.